నాంచారమ్మ గంప మీది జాస్పర్

ముందే చెప్తున్నా, నవ్వితే మధ్యలో ఆపేస్తాను. సుజాతా, ముఖ్యంగా నువ్వు! ఆ టీ కప్పు కింద పెట్టు, నా చీర మీద ఒలకబోస్తావు. సరే, వినండి. సూది రాయిలోకి దిగడం మీరెప్పుడన్నా చూశారా? సర్రుమని, మైనంలోకి దిగినట్టు? నేను చూశాను. గుడివాడలో, ఈ రెండు కళ్లతో. ఆ రాయి నాదే!

నాకు రాళ్ల పిచ్చి అని మీకు తెలుసుగా. బళ్లో సోషల్ చెప్పి ఇంటికెళ్లాక నా పని అదే, రాళ్లు కడగడం, తుడవడం, చీటీలు రాసి పెట్టుకోవడం. అందులోనూ జాస్పర్ అంటే ప్రాణం. గట్టి రాయి, సానపడితే లోపల్నుంచి ఎరుపూ పసుపూ ఆకుపచ్చా చారలు బయటికొస్తాయి. కొన్ని రకాల చారలైతే ప్రపంచం మొత్తం మీద ఒకటీ రెండు చోట్ల తప్ప దొరకవు. అందుకే అది ఏం రాయో చెప్పడం సగం పనే, ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడం మిగతా సగం. ఈ మాట నాది కాదు, గుడివాడ ప్రకాశరావు మాస్టారిది.

మాస్టారు రిటైరైన జియాలజీ లెక్చరర్. ఆయన దగ్గర టేకు అలమర ఒకటుంది, గాజు తలుపులది. అందులో రెండొందల జాస్పర్లు. ఒక్కోదాని కింద ఒక్కో చీటీ. పేరు, దొరికిన చోటు, ఏరినవాళ్లు. అబ్బ, ఆ అలమర ముందు నిలబడితే నాకు అన్నం కూడా అక్కర్లేదు! మూడేళ్లుగా నెలకోసారి బందరు నుంచి బస్సెక్కి వెళ్లి చూసొస్తున్నా.

పోయిన నెల ఆయన దగ్గర్నుంచి కార్డు ముక్క వచ్చింది. "మోకాళ్లు సహకరించడం లేదు, కింది చిన్న వాటాలోకి మారుతున్నాం, అలమర అక్కడ పట్టదు. రాయి తెలిసినవాళ్లకి అప్పగిద్దామనుకుంటున్నా. నీ అంతట నువ్వు గుర్తుపట్టిన రాయి ఒకటి చీటీతో సహా పట్టుకురా, చూసి చెప్తాను" అని. నేను నాలుగుసార్లు చదివాను. అయిదోసారి చదవకుండానే హాల్లో టీవీ పక్కకి జరిపేశాను. అలమరకి చోటు కావాలిగా!

"ఇంకా ఇవ్వలేదు కదే" అన్నారు మా ఆయన.

"ఇవ్వకేం చేస్తారండీ? నాకంటే తెలిసినవాళ్లెవరు?" అన్నాను. ఇదీ నా పొగరు.

తీరా చూస్తే నా అంతట నేను గుర్తుపట్టిన రాయంటూ ఒక్కటీ లేదు! ఉన్నవన్నీ మాస్టారు ఇచ్చినవో, కొట్లో పేరు రాసి అమ్మితే కొన్నవో. పోనీ వెళ్లి ఏరుకొద్దామంటే మన బందరులో రాయెక్కడిది? ఎంత తవ్వినా ఒండ్రు మట్టి, ఇసక. అవనిగడ్డ వెళ్లినా అంతే, నాగాయలంక వెళ్లినా అంతే. ఇంటి పునాదికి కూడా రాయి లారీలో రావాల్సిందే. నాకు ఏడుపొచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే గిలకలదిండి నుంచి మా వీధిలోకొచ్చే చేపల నాంచారమ్మ గంప దించింది. గంప మీద తడి గోనె, గోనె ఎగిరిపోకుండా ఒక రాయి. ఆ రాయి అంచు విరిగుంది. విరిగిన చోట చారలు! ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, మళ్లీ ఎరుపు. జుట్టంత సన్నటి చారలు, ఒకదాని మీద ఒకటి. చేపల బేరం మాటే మర్చిపోయాను.

ఇక్కడ తెలివైనవాళ్లెవరైనా ఏం చేస్తారు? "నాంచారమ్మా, ఈ రాయి ఎక్కడిది?" అని అడుగుతారు. నేను అడగలేదు. అడిగితే దాని విలువ తెలిసిపోతుందేమోనని! ముఖం మామూలుగా పెట్టి, "ఆ రాయి ఇచ్చెయ్యి, కాగితాల మీద బరువుకి పనికొస్తుంది. ఊరికే వద్దులే, ఈ స్టీలు గిన్నె తీసుకో" అన్నాను.

ఆవిడ గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. "దీనికి గిన్నె ఎందుకమ్మా? ఇట్టాంటియి..." అంటూ ఏదో చెప్పబోయింది. "ఉంచుకో, ఉంచుకో" అని తలుపేసేశాను. ఆవిడ్ని ఆ మాట పూర్తి చెయ్యనిచ్చుంటే ఈ కథే లేదు.

ఇక పరీక్షలు. జాస్పర్ అయితే గాజు మీద గీత పడాలి. పాత అద్దం ముక్క మీద గీశాను. కిర్రుమని పడింది! నేను గంతేశాను. తర్వాత ఎమెరీ గరుకు కాగితం నీళ్లలో తడిపి రెండు రోజులు రుద్దాను. కళ్లు తిప్పుకోలేని చారలు వచ్చాయి. మాస్టారిచ్చిన జిరాక్సు నోట్సంతా తిరగేశాను, ఇలాంటిది ఎక్కడా లేదు. లేదంటే ఏంటి అర్థం? అత్యంత అరుదైనదని! ఇది తప్పు రాయేమో అన్న ఆలోచనే నాకు రాలేదు చూడండి.

మా ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "రాజ్యం, ఇది పెయింట్ వాసన వస్తోందే."

"మీకు తెలిస్తే కదా! ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్ల వాసన చూసుకోండి మీరు" అని కసిరేశాను. పాపం, రాయి బల్ల మీద పెట్టేసి పేపరు తీసుకున్నారు.

ఇప్పుడు చీటీ. దొరికిన చోటు ఏమని రాయాలి? గిలకలదిండి చేపల గంప అని రాస్తే మాస్టారు నమ్ముతారా? అసలే డెల్టాలో రాయి పుట్టదని పాఠం చెప్పింది ఆయనే. పోయిన వేసవిలో పెళ్లికి కడప వెళ్లాను కదా, బుద్ధి అటు పోయింది. "కడప వైపు వాగు ఒడ్డున స్వయంగా ఏరినది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. ఆ 'స్వయంగా' అన్న మాట కింద గీత కూడా గీశాను. సిగ్గులేకపోతే సరి!

ఆదివారం ఇద్దరం స్కూటర్ మీద గుడివాడ వెళ్లాం. మాస్టారు రాయి అందుకున్నారు. భూతద్దం పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు. చీటీ చదివారు. ఆయనేమీ అనకపోతే నాకు లోపల సంబరం, మాట రావట్లేదు ఆయనకి అనుకున్నా.

"అమ్మాయ్, వేడి సూది పరీక్ష చేశావా?"

"ఎందుకండీ, చూస్తేనే తెలుస్తోంది కదా!"

ఆయన లోపల్నుంచి సూది తెచ్చి, పటకారుతో పట్టుకుని కొవ్వొత్తి మీద ఎర్రగా కాల్చారు. నా రాయి మీద ఆనించారు. అంతే! సర్రుమంది. సన్నటి పొగ. సూది లోపలికి దిగిపోయింది! గదంతా కొత్తగా రంగేసిన తలుపు వాసన. నేను కొయ్యబారిపోయాను. జాస్పర్‌లోకి సూది దిగడమేంటి? అయ్యో, అయ్యో!

"మరి... మరి అద్దం మీద గీత పడిందండీ!" అన్నాను.

"ఇందులో ఇసక రేణువులున్నాయి చూడు. గీసింది ఇసకమ్మా, నీ రాయి కాదు." అని ఆయన మెల్లగా మా ఆయన వైపు తిరిగారు. "బాబూ, కడప వాగుకి మీరు కూడా వెళ్లారా?"

నేను కళ్లతో సైగ చేశాను. కనుబొమలు ఎగరేశాను. కాలితో తన్నాను కూడా. మా ఆయన, "లేదండీ. ఇది మా వీధికొచ్చే నాంచారమ్మ గంప మీద ఉండేది. స్టీలు గిన్నె ఇచ్చి తీసుకుంది" అన్నారు.

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. మాస్టారు కోప్పడితే ఏడ్చేదాన్ని, తేలికయ్యేది. ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, ఏంటో తెలిసింది. ఎక్కడిదో తేలాలి కదా? వచ్చే ఆదివారం నేనే వస్తాను" అన్నారు.

వచ్చారు! ఆ మోకాళ్లతో బస్సెక్కి! ముగ్గురం ఆటోలో గిలకలదిండి వెళ్లి నాంచారమ్మని అడిగితే పడవలు కట్టే షెడ్డుకి తీసుకెళ్లింది. వాళ్లాయన వెంకటేశు అక్కడ పెయింటరు. షెడ్డు మధ్యలో ఒక గుంజ. దాని నిండా బుడిపెలు బుడిపెలుగా రంగులు! ఏటా వేసవిలో వేట ఆపినప్పుడు పడవలకి రంగులేస్తారంట. బ్రష్షులో మిగిలింది ఆ గుంజకే తుడుస్తారంట. వెంకటేశు నాన్న కూడా దానికే తుడిచాడంట. తుడవగా తుడవగా గట్టిపడి, బరువెక్కి, పెచ్చులూడతాయి. గుంజకి ఒక పక్క గుంట ఉంది. మాస్టారు నా జాస్పర్ తీసి అందులో పెట్టారు. టక్కున కూర్చుంది!

వెంకటేశు దాన్ని చేతిలోకి తీసుకుని వేలుతో చారలు చూపించడం మొదలుపెట్టాడు. "ఈ నీలం మా బావ పడవండీ, ఇంజిను మార్చిన ఏడు. ఈ పచ్చ మా పెదనాన్నది. ఈ ఎరుపు రెడ్ ఆక్సైడ్, అన్నిటికీ కింద పూత అదే. ఈ పసుపు నాకు పెళ్లయిన ఏడు, మా మావయ్య పట్టుబట్టి వేయించుకున్నాడు." మాస్టారు చిన్నపిల్లాడిలా నోరు తెరిచి, ఒక్కటీ వదలకుండా నోట్సు రాసుకుంటున్నారు. "నా రెండొందల్లో ఒక్కదానికి కూడా చార చారకీ ఊరూ పేరూ తెలీదయ్యా!" అంటున్నారు.

నేను ఓ మూల నక్కి నిలబడ్డానా, ఇంతలో వెనకనుంచి సందడి. తిరిగి చూద్దును కదా, పదిమంది ఆడవాళ్లు! ఒక్కొక్కళ్ల చేతిలో ఒక్కో రంగు పెచ్చు! నాంచారమ్మ అందరికీ చెప్పేసినట్టుంది.

"టీచరమ్మా, గిన్నెలిస్తారంటగా? నాది పెద్దది, నాకు బిందె కావాల!"

మా ఆయన షెడ్డు బయటికి పరిగెత్తారు. నవ్వడానికి!

తిరిగి వచ్చేప్పుడు ఆటోలో మాస్టారిని అడిగేశాను. ఆగలేకపోయాను. "మాస్టారూ, తప్పు చేశాను. అబద్ధం రాశాను. ఇంక అలమర ఆశ లేనట్టేనా?" మూడేళ్ల ఆశ మరి.

"పంపిస్తానమ్మాయ్, మీ ఇంటికే పంపిస్తాను" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆయన జేబులోంచి అలమర తాళంచెవి తీశారు. నేను చెయ్యి చాచాను. తాళం నా చెయ్యి దాటిపోయి మా ఆయన చేతిలో పడింది!

"వాసన చూసి చెప్పింది ఈయన, ఎక్కడిదంటే ఉన్నమాట చెప్పింది ఈయన. తాళం ఈయన దగ్గరుంటుంది. నువ్వు దుమ్ము తుడుస్తూ నేర్చుకో."

జాస్పర్‌కీ బొగ్గుకీ తేడా తెలియని మనిషి! ఇప్పుడు ఆ తాళం జంధ్యానికి కట్టుకుని తిరుగుతున్నారు. అలమర మా హాల్లోనే ఉంది, టీవీ జరిపిన చోటే, అంగుళం తేడా లేకుండా. ఏ రాయి ముట్టుకోవాలన్నా "ఏమండీ, ఒక్కసారి" అని అడగాలి.

ఆ అలమరలో ఒక్క చీటీ మీదన్నా నా పేరు ఉండాలని ఎంత కలగన్నానో మీకు తెలుసు. ఉంది. పై అరలో, సరిగ్గా మధ్యలో. మాస్టారే స్వయంగా రాశారు, ఏ మాట కిందా గీత లేకుండా. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ మా ఆయన కాఫీ కంటే ముందు అదే చదివి వినిపిస్తున్నారు:

"పేరు: పడవ రంగు. చోటు: గిలకలదిండి షెడ్డు, బ్రష్షు తుడిచే గుంజ. ఇచ్చినవారు: నాంచారమ్మ. అరుదైన జాస్పర్‌గా గుర్తించినవారు: రాజ్యలక్ష్మి టీచర్."