ఇంగళేల మనవడు పంఢరపురం నడిచిన ఏడాది

ఇంగళేల ఇంట్లో మగపిల్లవాడు పుడితే ఉగ్గుగిన్నెతో పాటు ఓటర్లూ పరిచయమయ్యేవారు. బాబాసాహెబ్ మనవడు హంబీరరావుని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే, పనుల మీద వచ్చిన రైతులు ఆయన కాళ్లకి మొక్కి, అదే చేత్తో పసివాడి పాదాలూ తాకి వెళ్లేవారు. తాత ఎమ్మెల్యే. తండ్రి మంత్రి దాకా వెళ్లాడు. తండ్రి పోయాక పార్టీవాళ్లు హంబీరరావుకి జిల్లా పరిషత్తు టికెట్ ఇచ్చారు. ఓడిపోయాడు.

ఓటమిని తట్టుకున్నాడు గానీ, ఆ తర్వాత ఊళ్లో విన్న మాటే గుచ్చుకుంది. "బాబాసాహెబ్ పేరు పోయిందే, పాపం!" అన్నారందరూ. హంబీర్ ఓడిపోయాడని ఒక్కరూ అనలేదు. తాత మనవడిగా కాక, తనని తనుగా కావాలనుకునే మనిషి ఈ తాలూకాలో ఉన్నారా? ఆ దిగులు ఏళ్లు గడిచినా అతన్ని వదల్లేదు. ఈ ఏడు వానలు తగ్గాక మళ్లీ ఎన్నికలు.

తల్లి సుమిత్రాబాయి జొన్నరొట్టె తడుతూ అంది. "ఈ ఆషాఢం మనూరి దిండీతో, ఆ భజనవాళ్లతో కలిసి పంఢరపురం నడిచి వెళ్లరా. ఓట్ల కోసమని కాదు. ఇంట్లో కూచుని దిగులుపడితే మనిషి ఎండిపోతాడు. విఠోబా మొహం చూసి రా."

జీపు వద్దని నడిచాడు. పార్టీ మనిషి బజరంగ్ మాత్రం వెంటపడ్డాడు.

మొదటి మజిలీలో భజన ముగిసింది. అలాంటప్పుడు వార్కరీలు, అంటే ఈ పాదయాత్ర భక్తులు, 'అమ్మా' అనే అర్థంలో 'మౌలీ' అని పిలుచుకుంటూ, చిన్నా పెద్దా చూడకుండా ఒకరి పాదాలకొకరు మొక్కుకుంటారు. నువ్వు నాలో విఠలుణ్ణి చూస్తే నేను నీలో చూస్తానన్నమాట. పొరుగూరు కరంజ్‌వాడి నుంచి వచ్చిన ముసలమ్మ రఖమా ఆజీ తలమీది తులసికుండ దించి, హంబీరరావు పాదాల మీదికి వంగింది. అతనికి ఆచారం తెలియక కాదు, చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. అరచేయి దానంతటదే పైకి లేచింది. "సుఖంగా ఉండు" అని నోరూ పలికేసింది.

ముసలామె లేవలేదు. వంగే ఉంది.

"ఏం మౌలీ, దీవెన అయిందా? ఇహ నువ్వూ వంగుతావా, నన్నిలాగే పంఢరపురం దాకా నడిపిస్తావా? నా నడుం పట్టేస్తోంది నాయనా!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. హంబీరరావు ముఖం కందిపోయింది. గబుక్కున వంగేసరికి అతని నుదురు ఆజీ తలకి ఠంగున తగిలింది.

"మెల్లిగా! మొక్కమన్నానా, పొడవమన్నానా?" అంది ఆజీ తల రుద్దుకుంటూ. తర్వాత అతని నుదురూ తనే రుద్దింది.

ఆ రోజు నుంచి ఆమె అతన్ని వదిలితే ఒట్టు. వడ్డన పని అప్పగించింది. "మంత్రిగారబ్బాయీ, రొట్టె విసరకు, చేతిలో పెట్టు" అనేది. అతనికి కాలు బొబ్బలెక్కితే మాత్రం నూనె తెచ్చి, అడక్కుండానే రాసి వెళ్లింది. చిన్నప్పటి నుంచి ఎందరో ముట్టుకున్న ఆ పాదాల నొప్పి సంగతి మొదట అడిగింది ఆవిడే.

పంఢరపురంలో చంద్రభాగ నదిలో స్నానమయ్యాక బజరంగ్ ఉత్సాహంగా వచ్చాడు. "దాదా, ఆ ముసలమ్మ కాళ్లకి ఇంకోసారి మొక్కు. ఫొటో తీస్తాను. ఆ పోస్టరొక్కటి చాలు, గెలిచినట్టే."

ఆజీ వినేసింది. "తీసుకోండి బాబూ, నాకేం పోయింది? నా ఓటు మాత్రం అవతలాయనదే. మా మేనల్లుడి పార్టీ అది."

హంబీరరావు పగలబడి నవ్వాడు. నవ్వు తగ్గాక బజరంగ్ చేతిలోంచి ఫోను తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. "దేవుడి దగ్గరికొచ్చి బేరాలెందుకు, పద" అన్నాడు.

ఎన్నికల్లో అంతంతమాత్రం మెజారిటీతో గెలిచాడు. దండలు, డోళ్లు, తాత ఫొటోకి హారతి, అన్నీ జరిగాయి. జనం మళ్లీ "బాబాసాహెబ్ పేరు నిలబెట్టావు" అనే అన్నారు. అతను నవ్వేశాడు.

సందడి సద్దుమణిగిన ఒక పొద్దున రఖమా ఆజీ బస్సు దిగి ఇంగళేల లోగిలి గుమ్మంలో నిలబడింది. బజరంగ్ అడ్డుపడ్డాడు. "కరంజ్‌వాడి మనకి ఓట్లే వెయ్యలేదు. ఇప్పుడేం పనమ్మా?"

"వెయ్యననేగా నేనూ ముందే చెప్పింది! మేం ఓట్లేసినాయన ఓడిపోయాక ఫోనెత్తడం లేదు. కుళాయికి నీళ్లు రాక వారమైంది. 'ఇంగళే ఇంటికెళ్దామా' అన్నారు మావాళ్లు. ఆ ఇల్లూ వాకిలీ నాకు తెలీదు, హంబీర్ తెలుసు, వాణ్ణే అడుగుతానని వచ్చాను. ఉన్నాడా?"

లోపల పళ్లెం ముందున్న హంబీరరావుకి ఆ మాట వినబడింది. చేయి కడుక్కుని లేవబోయాడు.

"కూచో, కూచో, తింటూ లేవకూడదు" అంటూ ఆజీ లోపలికే వచ్చేసింది.

సుమిత్రాబాయి అతని పక్కన ఇంకో పీట వేసి, వేడి రొట్టె మీద వెన్నపూస పెట్టి పళ్లెం జరిపింది. హంబీరరావు తినడం మర్చిపోయి ఆజీ కేసే చూస్తున్నాడు.

"అలా చూస్తావేం? నాకు పదిన్నరకి మా ఊరి బస్సుంది" అంది ఆమె. "తిను. ఇద్దరం కలిసే పోదాం."