ఎద్దులు నాకిన గీతలు

ధర్మవరంలో పెండ్లిచూపులకు పోయినప్పుడు పిల్ల తండ్రి నన్ను అడిగింది ఒకటే మాట: "ఉద్యోగం పర్మనెంటేనా?" నేను తల ఎత్తి మరీ చెప్పాను, పర్మనెంటేనని. శుద్ధ అబద్ధం. హిందూపురం బెల్లం మార్కెట్టులో నేను టెంపరరీ సూపర్‌వైజరును. పేరు పెద్దదేగానీ, చేసే పని బండ్లకు చోటు చూపించడం.

ఆ చోటు చూపించడమే కొరివితో తల గోక్కున్నట్టుండేది. సంతనాడు పరిగి నుంచీ రొద్దం నుంచీ బెల్లం బండ్లు వచ్చి, ఎవరికి తోచిన చోట వాళ్లు ఎద్దులను విప్పేవాళ్లు. మధ్యాహ్నానికి లోపలి బండి బయటికి రావాలంటే ముందున్నవన్నీ కదలాలి. ఒకరి కాడి ఇంకొకరి చక్రంలో ఇరుక్కునేది. తిట్లు తెలుగులో మొదలై కన్నడంలో ముగిసేవి. రెండు భాషల్లోనూ తినేవాణ్ణి నేనే.

ఒకనాడు మార్కెట్టు ప్రెసిడెంటు పిలిపించాడు. "ఉగాదికి చింతపండు జోరవుతాది. ఆలోపల నేల మీద గీతలు గీపిస్తావో ఏం చేస్తావో, బండ్లు వరసలో నిలబడల్ల. నిలబడితే నీ ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంకొకన్ని చూసుకుంటా" అన్నాడు. పెండ్లిచూపులై అప్పటికి వారం కూడా కాలేదు. ఉద్యోగం పోతే నా మాట, పెండ్లి రెండూ పోతాయి.

ముందు సున్నం గీశాను. ఎర్ర గరుసు నేల మీద మల్లెపూవులా ఉండింది. మూడు రోజులకు గాలికి లేచిపోయింది. అప్పుడు నా బుర్రకు ఒక మేధావి ఆలోచన తట్టింది. మాది పెనుకొండ దగ్గర పల్లె. పెనుకొండ కోటలో పాత గచ్చుకు ఇప్పటికీ గోరు దిగదు. ఆ గచ్చులో బెల్లం నీళ్లు పోసేవాళ్లని మా నాయన చెప్పేవాడు. మార్కెట్టులో కరిగిపోయిన బెల్లానికి కొదవా? రెండు కుండల బెల్లం సున్నంలో కలిపి, తాడు పట్టి, సంత ముందురోజు సాయంత్రం గీతలన్నీ గీయించాను. రాయిలా గట్టిపడుతుందని మురిసిపోయాను.

సంతనాడు మొదటి బండి గేటు దాటి గీత దగ్గరికి వచ్చి ఆగింది. ఎద్దులు రెండూ మూతులు వంచి గీతను నాకడం మొదలుపెట్టాయి. చెర్నాకోల ఆడించినా కదల్లేదు. వెనక బండి ఎద్దులకూ వాసన తగిలింది. కాసేపటికి గీత పొడుగునా ఎద్దులు బంతిలో కూచున్న పెండ్లివాళ్లలా వరసగా నిలబడి నాకుతున్నాయి. బండ్లు రోడ్డు దాకా ఆగిపోయాయి.

"ఏమప్పా సూపర్‌వైజరూ, గీతలు గీసినావా, కుడితి పెట్టినావా?" అని ఒక రైతు అరిచాడు. అందరూ విరగబడి నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. తాంబూలంలో కాస్త సున్నం ఎక్కువైతేనే మన నోరు పొక్కుతుంది, మూగజీవాల నాలుకలు ఏం కావాలి? చొక్కా చేతులు మడిచి, నీళ్ల బాన తెప్పించి, ఒక్కో ఎద్దునూ మూతి పట్టుకుని తడిగుడ్డతో నాలుక తుడిచాను. ఒకటి నా చొక్కా కొస నమిలింది. చుట్టూ జనం చేరి తమాషా చూశారు. అలా పొద్దు వాలేదాకా తుడుస్తూనే, మనసులో మాత్రం ఆ ఎద్దుల్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అయినా మాఘంలో పెండ్లి జరిగిపోయింది. అబద్ధం గొంతులో ముల్లులా పెట్టుకునే తాళి కట్టాను.

తర్వాత తారు పూయించాను. మా ఎండల సంగతి మరిచిపోయి చేసిన పని. శివరాత్రి దాటగానే తారు పాకమైంది. ఎద్దుల గిట్టలకు, రైతుల చెప్పులకు, చివరికి బెల్లం అచ్చులకు కూడా అంటుకుంది. వ్యాపారులు నన్ను చీల్చి చెండాడారు. బెంగళూరు నుంచి తెప్పించిన రంగును చక్రాల ఇనుప పట్టాలు ఒక్క సంతకే గీకి పారేశాయి. ఉగాదికి ఇంక మూడు వారాలుంది.

ఆ సాయంత్రం నా పంచె అంచుకు అంటి ఇంకా వదలని తారును నా భార్య కిరసనాయిలుతో రుద్దుతోంది. వాళ్లది మగ్గాల ఇల్లు.

"దినామూ ఏందో ఒకటి పూసుకోని వస్తాండావు. ఏం చేస్తాండావు ఆడ?" అంది.

గీతల బాధంతా చెప్పాను, ఉద్యోగం మాట తప్ప.

"మా ఇంట్లో చీరకు అంచు పూయరు, నేస్తారు. పూసిందయితే నాలుగు ఉతుకులకు పోతాది" అంది, తల కూడా ఎత్తకుండా.

"నేలను నేస్తారా ఎవరైనా?" అని కసిరాను. తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఇంకా త్వరగా వస్తుంది.

మరుసటి వారం రాగులు తెచ్చుకుందామని మా పల్లెకు పోయాను. నాయన చేనిలో పలుగురాళ్లు ఏరి గట్టు మీద వేస్తున్నాడు. తెల్లగా మెరిసే ఆ రాళ్లు మా చేన్ల శని, ఎంత ఏరినా దుక్కి దున్నితే మళ్లీ తేలుతాయి. ఒకటి మాత్రం నేలలో సగం దిగి ఉంది. నాయన గడ్డపారతో పొడిచినా లేవలేదు. నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను. తెల్లనిది, నేలలో నేసినట్టే ఉంది. నా భార్య మాట చెవిలో మోగింది.

"నాయనా, ఈ రాళ్లు నాకియ్యి" అన్నాను.

"ఏరుకోని పోప్పా! చేనికి పీడ వదుల్తాది" అన్నాడు నాయన, నాకు పిచ్చి పట్టిందేమోనని చూస్తూ.

జానెడు లోతు కాలువ తవ్వించి, చదునైన ముఖం పైకి వచ్చేట్టు రాళ్లు పేర్చి, గరుసు పోసి దిమ్మిసతో కొట్టించాను. చక్రాలు ఎక్కి దిగేకొద్దీ మట్టి పోయి రాళ్లు ఇంకా తెల్లబడ్డాయి. ఎద్దులు వాసన చూసి మూతులు తిప్పుకున్నాయి. అప్పుడు నవ్విన రైతులే తర్వాతి సంతకు బెల్లంతో పాటు గంపెడు రాళ్లు కూడా తెచ్చి, "మా చేని శని కూడా నీకే" అని నా ముందు కుమ్మరించారు. వాళ్లను ఎంత ప్రేమించానో చెప్పలేను.

ఉగాదికి రెండు రోజుల ముందు బండ్లన్నీ వరసలో నిలబడ్డాయి. ప్రెసిడెంటు మాట నిలుపుకున్నాడు. ఆ మధ్యాహ్నమే మా మామ ధర్మవరం నుంచి బిడ్డను పండక్కి పిలుచుకుపోవడానికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ మార్కెట్టుకు వచ్చాడు. గీత పక్కన గొంతుకూచుని, చీర అంచు చూసినట్టు రాళ్ల మీద వేళ్లు ఆడించాడు.

ఇంక దాచలేకపోయాను. "మామా, ఈ ఉద్యోగం ఈ పొద్దుటిదాకా టెంపరరీనే. ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినాను."

"తెలుసులే అల్లుడూ" అన్నాడు, గీత మీద నుంచి చెయ్యి తీయకుండానే. "మాట ఇయ్యకముందు కనుక్కుందామని ఒక సంతనాడు ఈడికి వచ్చినా. గేటు కాడ కావిలోడు అంతా చెప్పినాడు. అబద్ధాలోనికి పిల్లనెట్లా ఇచ్చేదని వెనక్కి తిరిగినా. అప్పుడు నువ్వు ఎద్దు నాలుక తుడుస్తాండావు. ఎవరి ఎద్దో, ఏమో. పొద్దు వాలేదాకా నిలబడి చూసినా. పోయి ముహూర్తం పెట్టిచ్చినా."

నాకు కండ్ల నీళ్లు ఆగలేదు. ఆ రోజు నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్న ఎద్దులే నా పెండ్లి చేశాయి.