లొల్లి మనిషి అప్పీలు

జహనుమాలో మేమున్న అద్దె ఇంటిని ఖాళీ చేయమని రెంట్ కంట్రోలర్ ఆర్డరు ఇచ్చాడు. అమ్మ రోజూ గొడవలు పడుతుందని, పక్కింటివాళ్ళకు నిద్ర ఉండటం లేదని యజమాని చెప్పిన అబద్ధాన్ని ఉన్నదున్నట్టు అందులో రాశాడు. అది అమ్మకు చదివి వినిపిస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

"ఇంకో ఇల్లు సూస్కుందాం. కోర్టు ఫికర్ మనకెందుకే?" అన్నాడు బాపు.

"ఇల్లు పోతె పోనీ. నేను లొల్లి మనిషినని సర్కారు కాగితంల ఉండొద్దు," అంది అమ్మ.

అప్పీలు వేసి రెండేళ్ళు కోర్టుకు తిరిగింది. ఎవరికి నిద్ర లేదని రాశారో ఆ పక్కింటి చాచీయే ప్రతి వాయిదాకూ అమ్మతో బస్సెక్కేది. చివరికి కోర్టు ఆ ఆర్డరును కొట్టేసింది.

ఆ నెలలోనే అమ్మ వేరే ఇల్లు చూసింది. పాత ఇల్లంతా కడిగి, తాళంచెవి యజమాని చేతిలో పెట్టింది.

"నువ్వు ఎల్లగొట్టలే భాయ్. నేనే పోతున్న."