మందు కొట్టే ఇంజనూ, కత్తెర పట్టే చెయ్యీ

మా ఆయన దర్జీ. నారాయణఖేడ్ బజారులో చిన్న దుకాణం. కొలతలు తీయడం, బట్ట కత్తిరించడం, మిషను కుట్టడం ఆయన పని. కాజాలు, హుక్కులు, అంచులకు చేతికుట్టు నా పని. ఇంట్లో నలుగురం తినేది ఆయన కుడిచేతి మీద. ఇది ముందే చెప్పేస్తున్నాను. తరువాత నేను ఎంత గయ్యాళిగా కనిపించినా, దాని వెనక ఉన్నది ఈ ఒక్క సంగతే.

మా పక్క మడిగెలో రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసే ఒక ముస్లిం యువకుడు ఉండేవాడు. మా ఆయనకు ప్రాణస్నేహితుడు, నన్ను వదిన వరసన భాభీ అనేవాడు. తొంభైల మొదట్లో సౌదీ నుంచి సెలవుకు వచ్చిన అతని బావమరిది ఒక పెట్టె తెచ్చి ఇచ్చాడు. గాలిలో ఎగిరే బొమ్మ విమానాన్ని కింద నిలబడి నడిపించే రిమోటు అది. రిమోటుంది, విమానంలో పెట్టే రిసీవరుంది, తోకనూ రెక్కలనూ కదిలించే చిన్న మోటార్లున్నాయి. విమానం మాత్రం లేదు. ఇంజనూ లేదు. అవి వేరే కొనుక్కోవాలట. చెరువు కొనకుండానే పడవ తెచ్చుకున్నట్టు ఆ పెట్టెను ముందు పెట్టుకుని ఇద్దరూ వారం రోజులు మురిసిపోయారు.

తరువాత మా ఆయన, రెక్కలంటే ఏముంది, వెదురు బద్దల మీద లైనింగు బట్ట బిగించి కుట్టడమే కదా అన్నాడు. కుట్టాడు కూడా. బిగువు కోసం ఇంట్లో వార్చిన గంజి పట్టించాడు. చొక్కా కాలరుకు పట్టే గంజి విమానానికి పట్టదా అని ఆయన ధీమా. ఎండలో డప్పులా మోగిన ఆ రెక్క, రాత్రి మంచుకు తెల్లవారేసరికి తడి లంగాలా వేలాడింది. గంజి వాసనకు చీమలు కూడా పట్టాయి. నేను కడుపారా నవ్వాను. అంతవరకూ నాకు దీని మీద కోపమేమీ లేదు. బట్ట మీద వార్నిషు పూసుకోమని సలహా ఇచ్చింది కూడా నేనే.

ఇంజను వచ్చాకే నా నిద్ర చెడింది. ఆ రోజుల్లో పత్తికి మందు కొట్టడానికి, వీపున తగిలించుకునే పెట్రోలు మిషన్లు కంగ్టి వైపు కొత్తగా దిగాయి. మందు ట్యాంకు పగిలిందని ఒక రైతు మూలకు పడేసిన మిషనును ఈయన అడిగి తెచ్చుకున్నాడు. దాని గాలిపంకా, డొప్పలు అన్నీ ఊడదీసి, చిన్న గుమ్మడికాయంత ఇంజనును బయటికి తీశారు. జహీరాబాదులో లేతు మిషను మీద ఇరుసుకు ఒక బిళ్ళ చేయించారు. ఆ బిళ్ళకు, టేకు చెక్కతో చెక్కించిన పంకా బిగించారు. విమానం ముక్కుకు మందపాటి ప్లైవుడ్డు వేసి, నాలుగు బోల్టులతో ఇంజనును దానికి కట్టారు.

మొదటిసారి మా పెరట్లో నడిపినప్పుడు ఆ అదురుకు బోల్టులు వదులై, ఇంజను ఊడి వస్తుందేమోనని అందరం గోడ చాటుకు పరుగెత్తాం. బోల్టుల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి మళ్ళీ బిగించారు. ఇంజను మొదలైతే చాలు, రిమోటు ముట్టుకోకుండానే తోక దానంతట అదే టపటపా కొట్టుకునేది. ప్లగ్గులో పుట్టే నిప్పురవ్వ రిసీవరును తికమక పెడుతోందని స్నేహితుడు కనిపెట్టి, ప్లగ్గు తీగకు రేకు చుట్టాడు. ఇవన్నీ వాళ్ళ తిప్పలు. నా తిప్పలు వేరే.

ఆ మిషనుకు మొదట ఒక తాడుండేది. తాడు లాగితే ఇంజను అందుకునేది. ఆ తాడు చుట్టుకునే డబ్బా బరువుకు విమానం లేవదని ఇద్దరూ తేల్చి, దాన్ని పీకేశారు. ఇక పంకాను చేత్తో తిప్పాల్సిందే. తిప్పగానే ఇంజను అందుకుంటే పంకా కంటికి కనిపించదు. చెయ్యి ఆలోపే బయటికి రావాలి. ఒక్కోసారి ఇంజను వెనక్కి తన్నుతుంది. అప్పుడు చెయ్యి ఎటు తీయాలో దేవుడికే తెలియాలి.

మా నాయన చెరకు గానుగలో రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. అప్పుడు నేను చిన్నపిల్లను. ఆయనకు అన్నం కలిపి పెట్టేదాన్ని. వేళ్ళు లేని చెయ్యి ఇంటిని ఎలా మారుస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. పెరట్లో ఆ పంకా చూసినప్పుడల్లా నాకు నాయన చెయ్యే కనిపించేది. భయం అంటే మామూలు భయం కాదు, అన్నం సయించని భయం.

చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. తాడు మళ్ళీ పెట్టుకోమన్నాను. "బరువైతది" అన్నాడు. ఎడమచేత్తో తిప్పమన్నాను. "ఎడమ చేతిల బలమేడిది?" అన్నాడు. చివరికి నేనే ఒక కర్రముక్కకు రబ్బరు పైపు తొడిగి ఇచ్చి, దాంతో కొట్టి తిప్పమని ఒట్టు వేయించుకున్నాను. నేను చూస్తుంటే కర్రతో తిప్పేవాడు. నేను వంటింట్లోకి వెళితే వేళ్ళతో. నాకెలా తెలిసిందంటే, ఒకరోజు వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. ఇంజను వెనక్కి తన్నింది. చూపుడు వేలి గోరు నల్లగా కమిలి, వేలు వంకాయలా ఉబ్బింది. దవాఖానకు తీసుకుపోతే ఎముక విరగలేదన్నారు. కానీ ఆ వేలు మళ్ళీ కత్తెర సందులో దూరేదాకా పెళ్ళిబట్టలన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఒక పెళ్ళివారు తమ గుడ్డ తాము తీసుకుని వేరే దర్జీ దగ్గరికి పోయారు.

ఆ ఏడు దసరాకు దుకాణంలో ఆయుధపూజ చేశాం. కుట్టుమిషను, కత్తెర, టేపు, ఇస్త్రీపెట్టె వరుసగా పెట్టి, చివర ఇంజనును కూడా తుడిచి పెట్టాడు. నేను అన్నిటికీ కుంకుమ పెట్టి, దాని దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం తీసుకుని లేచాను.

"దానికి వెట్టవా?" అన్నాడు.

"అన్నం వెట్టేటివాటికే వెడత" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. పండగపూట అలా అనకూడదు. కానీ అన్నందుకు నాకు ఈనాటికీ బాధ లేదు.

అమావాస్యకు మా దుకాణం బందు. ఆ రోజు కత్తెర పట్టరు. అందుకని విమానం పనంతా ఆ రోజే. మిగతావాళ్ళు అమావాస్యకు ఎందుకు జంకుతారో నాకు తెలియదు. నేను మాత్రం చంద్రుడు కరుగుతున్నకొద్దీ కరిగిపోయేదాన్ని. కంగ్టి రోడ్డు పక్కన సాగు లేక పడావు పడిన ఒక మొరం నేల ఉండేది. ఇద్దరూ విమానాన్ని సైకిలు మీద అడ్డంగా కట్టుకుని అక్కడికి పోయేవాళ్ళు. వెనక నేను. మగవాళ్ళ ఆటకు ఆడమనిషి కాపలా ఏమిటని బజారులో నవ్వుకున్నారు. నవ్వనీ అనుకున్నాను. కళ్ళలో వత్తులు వేసుకుని ఆయన చెయ్యి వంకే చూస్తూ నిలబడేదాన్ని. ప్రతిసారీ ఏదో ఒకటి చెడేది. విమానం నేల మీద ఉరికేది, ఎగిరేది కాదు. నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

అలా రెండో ఏడు గడుస్తుండగా స్నేహితుడికి సౌదీ వీసా వచ్చింది. రిమోటు నడపడం వచ్చింది అతనొక్కడికే. వెళ్ళేలోపు ఒక్క అమావాస్యే మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచీ తంటాలు పడుతున్నారు. అతను రిమోటు మెడలో వేసుకుని, విమానం తోక పట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన నా కర్రతో తిప్పి తిప్పి అలసిపోయాడు. ఇంజను దగ్గుతుంది, అందుకోదు. రబ్బరు పైపు చీలిపోయింది. పొద్దు వాలుతోంది.

"అన్నా, సెల్లు దిగుతున్నయి. జల్దీ" అన్నాడు స్నేహితుడు.

మా ఆయన కర్ర పారేసి పంకా మీద చెయ్యి వేశాడు. నేను పోయి మణికట్టు పట్టుకున్నాను.

"ఇడువు. ఒక్కసారే. గిప్పుడు అందుకుంటది."

"మా నాయన గూడ ఒక్కసారే అన్నడు."

"గీ పొద్దు గాకుంటే ఇగ ఎన్నడు గాదే" అన్నాడు. రెండేళ్ళలో ఆయన నన్ను బతిమాలింది అదే మొదటిసారి. వద్దనలేను. సరే అనలేను.

"పక్కకు జరుగు. నేను తిప్పుత" అన్నాను.

"పిచ్చి లేసిందా నీకు?"

"నాది కాజాలు కుట్టే చెయ్యి. పోతే ఇంకొకరు కుడ్తరు. నీది పోతే బట్ట ఎవరు కోస్తరు?"

"భాభీ, అది తమాషా గాదు!" అని వెనక నుంచి స్నేహితుడు అరిచాడు.

ఇన్ని నెలలు చూసీ చూసీ, ఎలా తిప్పాలో నాకు కంఠతా వచ్చింది. వేళ్ళు పంకాకు చుట్టకూడదు. కొసలతో తోసి, చెయ్యిని వెంటనే గుండెకు లాక్కోవాలి. ఆయన నా చెయ్యి అందుకునేలోపే తోసేశాను. ఇంజను దగ్గింది. మళ్ళీ తోశాను. అది ఒక్కసారి గర్జించింది. నా చెయ్యి ఎక్కడుందో క్షణం పాటు నాకే తెలియలేదు.

మా ఆయన నన్ను భుజం పట్టి పక్కకు ఈడ్చేశాడు. స్నేహితుడు తోక వదిలేశాడు, విమానం మా పక్కనుంచి ఉరికింది. మొరం రాళ్ళు కాళ్ళకు చురుక్కున తగిలాయి. చప్పుడు దూరమై, పైపైకి పోతోంది.

"లేసింది! అన్నా, లేసింది! జర సూడు!" అని స్నేహితుడు గొంతు చించుకుంటున్నాడు.

మా ఆయన చూడలేదు. నా కుడిచేతిని తన చేతుల్లోకి లాక్కుని, బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ ముడిచి, చాపి, గోరు నొక్కి చూస్తున్నాడు.

"పైకి సూడయ్యా. రెండేండ్లు దీనికే గద సచ్చినవు" అన్నాను.

"ఆగు. ఇది వంచు. నొప్పున్నదా?"

"ఏం గాలే. అటు సూడు."

"నువ్వు ముందు వంచు."

వంచాను. ఆయన చిటికెన వేలిని కూడా తడిమి చూసి ఊపిరి వదిలేసరికి పైన చప్పుడు ఆగిపోయింది. ఇద్దరం తలెత్తాం. ఆకాశంలో ఏమీ లేదు. స్నేహితుడు కంది చేను వైపు నవ్వుతూ పరుగెత్తుతున్నాడు. అది ఎంత ఎత్తుకు పోయిందో, ఎటు తిరిగిందో, ఎలా దిగిందో ఆ సాయంత్రం అతను చెబితేనే మాకిద్దరికీ తెలిసింది.