కటింగ్ మాస్టారి చెయ్యి

మా ఆయన టైలరు షాపులో బట్ట కత్తిరించే కటింగ్ మాస్టారు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. టేపు తీసేలోపే ఎదుటి మనిషి భుజం కొలత కంటితో చెప్పేసేవారు. అలాంటి మనిషి చెయ్యి ఏడాది క్రితం వణకడం మొదలుపెట్టింది.

సుద్దగీత తప్పితే చెరిపేయొచ్చు, కత్తెర తప్పితే బట్ట పోయినట్టే. ఆ భయంతో ఒక్కొక్కరినీ మూడేసిసార్లు కొలిచేవారు. అదీ చాలక గీతకి అంగుళం బయట కత్తిరించేవారు. ఒకరోజు బళ్లో లెక్కలు చెప్పే మాస్టారొకాయన కుట్టించుకున్న కొత్త చొక్కా తొడుక్కుని, "ఇందులో మా తమ్ముడు కూడా పడతాడండోయ్!" అన్నారు. షాపంతా నవ్వింది. ఆ మర్నాటి నుంచి ఈయన కత్తెర ముట్టలేదు. నెలాఖరు దాకా చూస్తాను, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటానని యజమాని చెప్పేశాడు.

నేను ఆయన్ని కనపడ్డ డాక్టరు దగ్గరికల్లా తిప్పాను. గుండె డాక్టరు ఒక మాత్ర, కడుపు డాక్టరు ఇంకోటి, నిద్రకని మరొకాయన రెండు. ఎవరేం ఇచ్చారో రెండోవారికి తెలియదు. చివరికి మా ఆడపడుచు పోరు పడలేక మనసు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆవిడ మాత్రలన్నీ బల్ల మీద పెట్టించుకుని చూసింది. రక్తపరీక్ష రాసింది. రోజుకి ఎన్ని గంటలు నిలబడతారు, ఎన్ని టీలు తాగుతారు, మనసు విప్పి మాట్లాడే స్నేహితుడు ఉన్నాడా అని అడిగింది. వణుకుతున్నది చెయ్యైతే స్నేహితుడి గొడవెందుకో!

"ఏడు టీలండీ. మధ్యాహ్నం సరిగ్గా తినరు. స్నేహితులా, ఎవరూ లేరు," అన్నాను.

"అమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి."

"ఆయన చెప్పరండీ. ఆ నోట్లోంచి మాట నేను లాగాల్సిందే."

"ఒక్క పది నిమిషాలు. మీరు మాట్లాడొద్దు."

నాకు ఒళ్లు మండింది. నా మొగుడి సంగతి నాకంటే ఈవిడకేం తెలుసు! అయినా పెదాలు బిగించుకుని కూర్చున్నాను. ఎంతసేపటికీ ఎవరూ మాట్లాడరు.

చివరికి ఆయన గొంతు సవరించుకున్నారు.

"పొద్దున్నే చెయ్యి బాగానే ఉంటుందండీ. మా ఆవిడ టీ గ్లాసు ఇచ్చి నా చెయ్యి వంకే చూస్తుంది. అప్పుడు మొదలవుతుంది. ఇక కత్తెర పట్టుకుంటే ఊరంతా అలాగే చూస్తున్నట్టుంటుంది."

అయ్యో రామ! తగ్గిందేమోనని కదా చూశాను. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆ డాక్టర్లందరితో తనే మాట్లాడి మాత్రలు తగ్గిస్తానంది ఆవిడ. టీలు రెండే. వేళకి తిండి, సాయంత్రం నడక, వారానికోసారి తన దగ్గరికి వచ్చి మాట్లాడటం. "ఇంట్లో పాత దుప్పట్ల మీద కత్తెర పట్టించండి. మీరు మాత్రం చూడకండి."

"చూడకుండా ఎలాగండీ?"

"అలవాటు చేసుకోవాలమ్మా."

మర్నాడు ఆయన బల్ల మీద దుప్పటి పరిచి గీత గీశారు. నేను వీపు తిప్పి గిన్నెలు తోముతున్నాను. కత్తెర కరకరమంది. ఆగింది. వణికిందా? కోసుకున్నారా? మెడ దానంతటదే తిరగబోతుంటే గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో. మళ్లీ కరకరమంది.

"ఏమే, గీత మీదే వెళ్లింది. వచ్చి చూడు."

"నాకు పనుంది," అన్నాను. ఏడుస్తున్న మొహంతో ఆయన ముందుకు వెళ్లడానికి భయమేసింది.