తూర్పు గుర్తు

నంద్యాలలో ఇంటి నుంచే ఓ కంపెనీ సర్వర్లు చూసుకుంటాను. మౌస్‌తో నొక్కి పని చేసేవాళ్లంటే నాకు కాస్త చిన్నచూపు. నల్ల తెర మీద కమాండ్లు కొట్టి, ఎక్కడో ఉన్న యంత్రాలను లేపడం, పడుకోబెట్టడం నాకు గొప్ప. ఆ గొప్పతోనే ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక శిల్పికి, "కాగితాలకు చెదలు పడతాయి, నాకియ్యన్నా" అని చెప్పాను. చనిపోకముందు వాళ్ల నాయన గీసిన నమూనాలన్నీ స్కాన్ చేసి, ముంబైలో నేను అద్దెకు తీసుకున్న ఒక సర్వర్లో పెట్టాను. నా మాటే నిజమైంది. ఆ వానాకాలమే, తిరిగిచ్చిన కాగితాలు ఆయనింట్లో చెదలపాలయ్యాయి. ఇక మిగిలింది నా సర్వరే.

మొన్నామధ్య ఒక నమూనా చూడాలని ఆయన కబురు పెట్టాడు. లాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కాను. రాతిపొడి పేరుకున్న ఆయన షెడ్డులో కూర్చుని, నా సర్వర్ల పట్టిక చూపించమని కమాండ్ కొట్టాను.

పట్టిక వచ్చింది. అందులో ఏమీ లేదు.

తప్పు కొడితే చెడామడా తిట్టే తెర ఆ రోజు తిట్టను కూడా లేదు. మళ్లీ కొట్టాను. ఖాతా నాదే, పాస్‌వర్డ్ సరైనదే, నెట్ వస్తోంది. మరి సర్వర్ ఏమైనట్టు? నేనే చెరిపేశానా? పొద్దున ఆఫీసు పని చేశాను, ఆ ఊపులో దీన్ని తుడిచేశానా? ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. భయమేసింది, అంతకంటే సిగ్గేసింది.

"ఏం చేస్తాండావప్పా ఇంతసేపు?"

"కనపడలేదన్నా. పోయినట్టుంది."

ఆయన ఉలి కింద పెట్టాడు. తిట్టినా బాగుండేది.

"పెట్టిన తావునే చూస్తాండావా?" అన్నాడు. "మేం గనిలో రాయిని కదిలించేముందు తూర్పు పక్క ఎర్రగా గుర్తు పెడ్తాం. మర్చిపోయి లారీ ఎక్కిస్తిమా, దింపినాక రాయి అదే, తూర్పు యాడుందో దేవునికెరుక."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ గండంలో రాళ్ల సంగతేంది? అనుకుంటూనే ఆగిపోయాను. పొద్దున ఆఫీసు పని కోసం ముంబై బదులు సింగపూర్ యంత్రాలను చూడమని ఈ తెరకు చెప్పి, తిరిగి మార్చలేదు. అది పాపం సింగపూర్లోనే వెతికి, లేదంది. "ముంబైలో చూడమంటావా?" అని ఒక్క మాట అడగొచ్చు కదా దరిద్రపుది! ముంబై అని మార్చి కొట్టాను. సర్వర్ భద్రంగా ఉంది.

నమూనా తెరిచి, కొలతలు కనపడేలా పెద్దది చేశాను. ఆయన నా చెయ్యి ఆపి, కింది మూలకు జరపమన్నాడు. అక్కడ ఎర్రమన్ను అంటిన బొటనవేలి ముద్ర ఉంది. స్కాన్ చేసేటప్పుడు, మరక కదా, తీసేద్దామా అనుకున్నది దాన్నే.

"కొలతలు నాకు నోటికొచ్చప్పా," అన్నాడు ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా. "మా నాయన ఏలు యాడ తెచ్చుకునేది?"