బతికుండగా ఇమ్మన్న గుళికలు

ప్లాంటులో ఆమెను అందరూ మాడక్క అంటారు. మొదట్లో వెక్కిరింపుకే పెట్టారు ఆ పేరు. వెనక షెడ్డులో ఉక్కు గొట్టాల యంత్రం ముందు నిలబడి, గుళికలకు పట్టిన మాడు వదిలించడమే ఆమె పని మరి.

"చదివింది ఇంజనీరింగు, చేసేది అంట్లు తోమడం," అని మేనేజరు వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి నవ్వేవాడు.

ఆ నవ్వు ఆమెకు ఎక్కడ తగిలేదో ఆయనకేం తెలుసు! వాళ్లమ్మ హాస్టలు వంటగదిలో అంట్లు తోమి కూతురిని చదివించింది.

ఆ గుళికలు నూనెను మార్చే ఉత్ప్రేరకాలు, శనగగింజంత ఉంటాయి. ఒంటినిండా కంటికి కనబడని సందులే. రియాక్టరులో నూనె ఆ సందుల్లో దూరి, మారి, బయటికొస్తుంది. పోనుపోను వాటిలో తారులాంటి జిడ్డు పేరుకుని గుళికల జోరు తగ్గుతుంది. జిడ్డు ముదిరితే గట్టి మాడు. అప్పుడు తీసి కొలిమిలో కాల్చేవారు. మాడు పోయేది, దాంతోపాటు సందులూ పూడుకుపోయేవి.

మాడక్క దారి వేరు. కార్బన్ డయాక్సైడును గట్టిగా అదిమి, కాస్త వెచ్చబెడితే అది అటు గాలీ కాదు, ఇటు నీరూ కాదు. గాలిలా ప్రతి సందులోకీ దూరుతుంది, నీళ్లు ఉప్పును కరిగించినట్టు జిడ్డును కరిగించి లాక్కొస్తుంది. ఒత్తిడి తగ్గించామా, మళ్లీ గాలైపోతుంది, జిడ్డేమో కింద గిన్నెలో పడుతుంది. ఎంత ముచ్చటైన పనో! ఒకటే షరతు. జిడ్డు పచ్చిగా ఉండగానే కడగాలి.

"మొదటి రియాక్టరు గుళికలు బతికుండగా ఇవ్వండి సార్," అని మేనేజరును అడిగింది. " రెండో రియాక్టరు ఖాళీగానే ఉందిగా, దాన్ని నడుపుకోండి."

"నడుస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా? బుద్ధుందా నీకు? పూర్తిగా పడుకున్నాక చూద్దాం."

అన్నట్టే, గుళికలు పూర్తిగా పడుకున్నాక డ్రమ్ములో పోయించి షెడ్డు ముందు దింపించాడు.

"పెద్దావిడ ముందే పరీక్ష. తేలలేదో, నీ యంత్రం పాత సామాను కింద పోతుంది."

పెద్దావిడంటే ప్లాంటు యజమానురాలు. మాడక్క ఒక గుళిక తీసి గోటితో గీకింది. ఏమీ రాల్లేదు.

"ఇది జిడ్డు కాదు సార్, రాయి. నేనడిగింది ఇదా?"

"గుళికలడిగావు, ఇచ్చాం. కడుగు."

ఇంటికెళ్లి చెబితే అమ్మ ఇంకా మండిపడింది. "పాలగిన్నె అడుగంటితే ఆ పూటే నీళ్లు పొయ్యాలి. మాడ్చి మాడ్చి తెచ్చి తోమమంటే ఎవరబ్బ తరం? నోరు మూసుకుని వచ్చావుటే?"

పెద్దావిడ రావడానికి నెలలు పట్టింది. ఈలోగా, దాని బదులు నడుపుతున్న రెండో రియాక్టరూ మందగించసాగింది. మొదటిదాంట్లో కొత్త గుళికలు నింపి సిద్ధంగా ఉంచారు.

పరీక్ష రోజు మాడక్క చచ్చిన గుళికల్నే కడిగింది. గిన్నెలో చుక్క పడితే ఒట్టు.

"చూశారుగా అమ్మా," మేనేజరు పెదవి విరిచాడు. "బాబాయ్, బోల్టులు విప్పేయ్."

ప్యానెల్ దగ్గర కూర్చునే పెద్దాయన ప్లాంటంతటికీ బాబాయే. ఆయన పానా చేతిలో పట్టుకుని కదల్లేదు.

మాడక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెయ్యెయ్యకు బాబాయ్! ఓడింది నా యంత్రం కాదు. బతికుండగా ఇవ్వమని మొత్తుకున్నాను, పీనుగును తెచ్చి పడేశారు. అంట్లు తోమడమని నవ్వుతారే సార్, ఒక్క పూట తోమి ఉంటే తెలిసేది, మాడు ఎప్పుడు వదులుతుందో!"

పెద్దావిడ మేనేజరు వైపు తిరిగింది. "అడిగినప్పుడు ఎందుకివ్వలేదు?"

"అంటే... ఆ నెల ఉత్పత్తి తగ్గి కనబడుతుందనండీ..."

"బాబాయ్, ఇప్పుడు నడుస్తున్నది ఎలా ఉంది?"

"సగం జోరేనమ్మా."

"దాన్నాపి ఈ అమ్మాయికివ్వు."

ఈసారి గిన్నెలోకి నల్లటి జిడ్డు బొటబొటా కారింది. కంపు షెడ్డంతా కమ్మేసింది. ఆ గుళికలు తిరిగి రియాక్టరుకెక్కి ఇంచుమించు కొత్తవాటిలా పరుగందుకున్నాయి.

"మనం అనుకున్నట్టే అయిందమ్మా," అన్నాడు మేనేజరు, పళ్లన్నీ బయటపెట్టి.

మనమట! మాడక్క చచ్చిన గుళికల డ్రమ్ముకు మూత బిగించి, బాబాయ్ ఒక చెయ్యి వేస్తే, దొర్లించుకెళ్లి మేనేజరు గది గుమ్మం పక్కన నిలబెట్టింది.

"ఇదేంటమ్మా ఇక్కడ?"

"మీ అంట్లు సార్. మీరే తోముకోండి."